తడి రుమాలు

కోఠీ గుజరాతీ గల్లీలో మెట్ల కింద నా దుకాణం.
ఇద్దరు కూచుంటే మూడోవాడు నిలబడే మాట్లాడాలి.
ముప్పై ఒక్క ఏళ్లుగా కెమెరాల కడుపులు కోస్తున్నాను.
ఫోన్లొచ్చాక సగం బల్ల ఖాళీ,
ఆ సగంలో మిక్సీలు బాగుచేస్తాను.
లోపల ఏముంటుందో అడగండి, చెబుతాను:
ఇత్తడి చుట్లు, వెంట్రుకంత స్ప్రింగులు,
వానాకాలం పట్టిన బూజు,
ఒకసారి ఎండిపోయిన చీమ.
ఇప్పటిదాకా ఏ లెన్సులోనూ
ఒక్క ఫోటో దొరకలేదు.

మొన్న నిశ్చల్ వచ్చాడు, కోకాపేట అబ్బాయి.
పసిపిల్లను దించినట్టు లెన్సును బల్ల మీద దించాడు.
ధర చెప్పాడు. నా దుకాణం పగిడీ కంటే ఎక్కువ.
"అంచుల్లో కొంచెం మెత్తగా వస్తోంది అంకుల్" అన్నాడు.
చూపించాడు: తెల్లారగట్ల చార్మినార్, పావురాలు,
ప్రతి ఈకా లెక్కపెట్టొచ్చు.
లెక్కపెట్టాను కూడా కాసేపు.
తర్వాత ఏం చేయాలో తోచలేదు.

వాణ్ని చూసి నవ్వకండి. నేను నవ్వలేదు.
అద్దం మంచిదే, అద్దం తప్పేం లేదు.
పేదవాడి కెమెరాకే ప్రాణముంటుందని చెప్పేవాళ్లను
నేను నమ్మను.
చీకట్లో చవక లెన్సు గుడ్డిదే,
దాని వెనక ఎంత మంచివాడు నిలబడ్డా.

ఈ రెండు సంగతులూ నాకు తెలిసింది బాలనర్సు వల్ల.

పెద్దాసుపత్రి మార్చురీలో అతని పని.
పేరు తెలియని శవాలకు ఫోటో తీస్తాడు.
మూసీ ఒడ్డున దొరికినవాళ్లు,
ఇమ్లీబన్ బస్టాండు బెంచీ మీద
పొద్దెక్కినా లేవనివాళ్లు.
కెమెరా మీద కంపెనీ పేరు అరిగి
రెండక్షరాలు మిగిలాయి.
మెడకు వేసుకునే పట్టీ, సైకిల్ ట్యూబు ముక్క.

ఫ్లాష్ సరిచూద్దామని ఒకసారి వెంట వెళ్లాను.
జేబులోంచి రుమాలు తీశాడు. నల్లా కింద తడిపాడు.
లెన్సు తుడుస్తాడనుకున్నాను.
ముఖం తుడిచాడు.
కనుబొమల్లో మట్టి, చెవి వెనక మట్టి,
బడికి పంపే పిల్లాడికి తుడిచినట్టు.
దువ్వెన పెట్టబోయి ఆగాడు.
"ఎడమ పాపిడా, కుడి పాపిడా భయ్యా?
తప్పు దువ్వితే ఇంటోళ్లు గుర్తువట్టరు."
నడినెత్తిన సుడి వెతికాడు.
"ఇగో, ఇదే చెప్తది" అన్నాడు.
గడ్డం కింద రుమాలు మడిచి పెట్టి
నోరు మూశాడు.
అప్పుడు తీశాడు. ఒక్కటే.

వారానికి పరిగి నుంచి ఒకామె వచ్చి
కాగితాన్ని బొటనవేలితో నిమిరి
"మా అన్ననే" అన్నదట.
"ఉన్నన్నాళ్లు ఇంత సక్కగ దువ్వుకోలె" అన్నదట.

ఇక్కడితో ఆపితే అబద్ధమవుతుంది.
ఒక జూలైలో ఫ్లాష్ వెలగలేదు, షట్టర్ నెమ్మదించింది.
శవం కదల్లేదు, చెయ్యి కదిలింది.
ఒక ముసలామె ఆ ఫోటోను మూడుసార్లు చూసి
"కాదు బిడ్డా, మావోడు కాదు" అని
బస్సెక్కి వెళ్లిపోయింది.
చొక్కా గుండీల వల్ల తెలిసింది, నాలుగు నెలలకు,
వాడేనని.
అప్పటికే పూడ్చేశారు.
ఆ రోజు బాలనర్సు నా మెట్ల మీద కూచున్నాడు.
చాయ్ మీద మీగడ కట్టింది.
రుమాలు, దువ్వెన, సుడి, అన్నీ సరిగ్గానే చేశాడు.

అందుకే ప్రతి నెలా మొదటి సోమవారం వస్తాడు.
షట్టర్ విప్పి జిడ్డు తుడుస్తాను,
చెవి దగ్గర పెట్టుకుని వింటాను:
సెకనులో అరవయ్యో వంతు,
నూట ఇరవై ఐదో వంతు.
పైసలు తీసుకోను.

నిశ్చల్ లెన్సు కూడా బాగైంది.
తీసుకెళ్తూ అడిగాడు:
"దీని తర్వాత ఏం కొంటే బాగుంటుంది అంకుల్?"
బాలనర్సు మరిచిపోయిన రుమాలు
నా స్టూలు మీద ఆరుతోంది.
చూపిద్దామని చెయ్యి లేపాను.

పద్దెనిమిది వందలు, అన్నాను.
బిల్లు రాసిచ్చాను.